కందనకాయ ఎవరిది?

గిన్నెలో కందనకాయ లేదు.

షివాచి గరిటెతో అడుగుదాకా కలిపాడు. మెడ తేలింది, రెక్క తేలింది, కాలు తేలింది. అది మాత్రం తేలలేదు. మళ్ళీ కలిపాడు. పులుసు ఒలికి బల్ల మీద గుడ్డ తడిసింది.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?" అన్నాడు లిహండా.

షివాచి తలెత్తాడు. ఎదురుగా కొడుకు పళ్ళెంలో, సంకటి ముద్ద పక్కన, సగం కొరికిన కందనకాయ ఉంది.

గరిటె గిన్నెలో వదిలేశాడు.

మొంబాసా నుంచి ఒక్క పెట్టెతో బస్సు దిగినప్పటి నుంచి అతన్ని పెద్దింట్లోకి భోజనానికి పిలిచింది ఇవాళే. ఇన్ని వారాలూ పెరట్లో, పెళ్ళికాని కుర్రాళ్ళు పడుకునే మట్టి గదిలోనే పడక. కోడలు పంపిన పళ్ళెం అక్కడే మోకాళ్ళ మీద పెట్టుకుని తినడం. ఇవాళ చర్చి నుంచి వస్తూ రోబాయి అతని వైపు చూడకుండానే, "కోడి కోస్తున్నాం. లోపలికొచ్చి తిను," అంది. పెళ్ళాం నోటి నుంచి ఆ ఒక్క మాట వచ్చినందుకు, పొద్దునే గీసుకున్న గడ్డం మళ్ళీ గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తీశాడు.

కోడి కోసిన ఇంట్లో కందనకాయ ఇంటాయనది. అడిగి తీసుకునేది కాదు. ఇంటావిడ తీసి ఇంటాయన పళ్ళెంలో పెడుతుంది, ఆయన తింటాడు, అంతే. ఆడవాళ్ళు దాన్ని ముట్టరు. కాకమెగా చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఇదే. అందుకే ఆ చొక్కా వేసుకున్నాడు షివాచి.

"ఇమాలీ," అని పిలిచాడు.

కోడలు తలుపు చాటున నిలబడి ఉంది. మామగారు తింటున్న చోటికి కోడలు రాదు.

"మామయ్యా."

"ఈ కోడికి కందనకాయ లేదా తల్లీ?"

తలుపు కొంచెం కదిలింది.

"ఉంది మామయ్యా. ఎప్పుడూ పెట్టినట్టే... అలవాటుగా ఆయన పళ్ళెంలో వేసేశాను. తప్పయిపోయింది."

"తప్పేం కాదు," అన్నాడు లిహండా. "ఇన్నేళ్ళూ నాకే పెడుతున్నారు. ఇప్పుడేంటి నాన్నా, సగం తిన్నది తీసి ఇమ్మంటావా?"

"ఇమ్మనలేదురా. నేను బతికే ఉన్నానా లేదా అని అడుగుతున్నా."

"బతికే ఉన్నావు. మొంబాసాలో ఉన్నావు. తాతయ్యని గోతిలో దించినప్పుడు ముందు మట్టి పోసింది ఎవరు? నేను. అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. పెద్దలందరూ నా వైపే చూశారు. నాకు వణుకు వచ్చింది నాన్నా. ఏం చేయాలో తెలియక పార నేనే పట్టుకున్నా."

"రేవులో సెలవు ఇవ్వలేదు. పంపాల్సింది పంపాను కదా."

"పంపావు. బస్సులో పార్సెల్ వచ్చేది. కందనకాయ కూడా నీకు పార్సెల్లో పంపాల్సిందా?"



షివాచి కొడుకుతో మాట్లాడటం మానేశాడు. రోబాయి వైపు తిరిగాడు. ఆమె కిటికీ పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి కప్పుల్లోకి టీ వంపుతోంది. ఈ గొడవంతా పక్కింట్లో జరుగుతున్నట్టుంది ఆమె వాలకం.

"రోబాయీ. వాడితో నాకు గొడవొద్దు. నువ్వు చెప్పు. ఈ ఇంట్లో నేనెవర్ని?"

రోబాయి ఫ్లాస్కు మూత తిప్పి బిగించింది. ఇంకా బిగించింది.

"టీలో పంచదార వేశాను," అంది.

"అది కాదు నేనడిగింది."

"విన్నాను."

అంతే. ఒక కప్పు తెచ్చి అతని ముందు పెట్టింది. లిహండా పళ్ళెం వైపే చూస్తున్నాడు గానీ తినడం లేదు.

షివాచి లేచాడు. ముద్ద నోట్లో పెట్టకపోయినా చేతులు కడుక్కున్నాడు. టోపీ తీసుకుని వాకిట్లోకి వచ్చేశాడు. వెనక నుంచి ఎవరూ ఆగమనలేదు.

* * *

రోడ్డు మలుపులో పాత పిండి మర ఉండేది. మర మూతపడి చాలాకాలమైంది. మొన్న శుక్రవారం ఖాసాండి అక్కడ పబ్బు తెరిచింది. కిసుములో పెద్ద హోటళ్ళలో వండి వచ్చిన మనిషి. రేకుల షెడ్డుకి సున్నం కొట్టించింది, నడిమధ్య ఇటుకలతో పెద్ద పొయ్యి కట్టించింది, బయట బోర్డు మీద 'కునీ' అని రాయించింది. కట్టెలని అర్థం. గ్యాసు లేదు, బొగ్గు లేదు, కట్టెలే. మండటానికి జామాయిల్, వాసనకి జామ కట్టె. ఆ వాసన మలుపు దాకా వచ్చి మనిషిని చొక్కా పట్టుకుని లాగినట్టు లాగుతోంది.

షివాచి ఎక్కడికి వెళ్ళాలో అనుకోకుండా బయల్దేరాడు. ఆ వాసన దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

లోపల అన్ని బల్లలూ నిండాయి. చర్చి బట్టల మీదే వచ్చేశారు జనం. తాతలు, పిల్లలు, పెళ్ళాలు. ప్రతి బల్ల మధ్యా చెక్క మీద మాంసం, చుట్టూ చేతులు. మూలన ఒక్క బల్ల ఖాళీగా ఉంది.

"రా అన్నా, రా," అంది ఖాసాండి, తడి చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ. "ఎంతమంది?"

ఒక్కణ్ణే అని నోటి దాకా వచ్చింది.

"నలుగురం," అన్నాడు. "వస్తున్నారు వెనకాల."

ఎందుకన్నాడో అతనికే తెలీదు. కోడి మొత్తం ఒక్కడే తెప్పించుకుని తినేవాణ్ణి ఈ ఊరు ఎలా చూస్తుందో తెలుసు కాబట్టి కావచ్చు.

"మంచిది. ఏం పెట్టమంటావు?"

"కోడి. మొత్తం కోడి. నీ కట్టెల మీద కాల్చి. ఒక్క ముక్క తగ్గకూడదు చెల్లీ, చెప్తున్నా."

"తగ్గదు. కానీ ఓపిక పట్టాలి. నిప్పుని నేను తొందరపెట్టను, నన్నెవరూ తొందరపెట్టకూడదు."

నాలుగు పళ్ళేలు పెట్టారు. నాలుగు గ్లాసులు బోర్లించారు. ఒకమ్మాయి వేడినీళ్ళ చెంబూ బేసినూ పట్టుకుని వచ్చి అతని చేతుల మీద పోసింది. మిగతా మూడు కుర్చీల వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయింది.

పక్క బల్ల నుంచి కెటురా లేచి వచ్చింది. రోబాయి పాడే చర్చి బృందంలోనే పాడుతుంది కెటురా. గొంతు చర్చిలో ఎంత గట్టిగా ఉంటుందో బయటా అంతే.

"లిహండా నాన్నా! బాగున్నావా? ఒక్కడివే కూర్చున్నావేంటి?"

"వస్తున్నారు."

"ఎవరు?"

"ఎవరేంటి కెటురా, ఇంట్లో వాళ్ళే."

"రోబాయి కూడానా? పబ్బుకా!" కెటురా చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. "బుసా కల్లు కాసే ఇంటి ముందు నుంచి నడవాల్సి వస్తుందని చుట్టు తిరిగి వెళ్ళే మనిషి!"

"ఇది తిండికి వచ్చే చోటు."

"అవునులే. మేమూ తిండికేగా వచ్చాం," అని కెటురా తన బల్ల మీద సీసా వైపు చూసి నవ్వింది. "అయితే ఇల్లు కలిసిందన్నమాట. దేవుడికి స్తోత్రం."

షివాచి తల ఊపాడు. అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కెటురా తన చోటికి వెళ్ళి సంచిలోంచి ఫోను తీయడం అతను చూశాడు. చూసి ఏం చేయగలడు?

బోర్లించిన గ్లాసుని తిరగేసి పెట్టాడు. మళ్ళీ బోర్లించాడు.

మొంబాసాలోనూ ఇలాంటి చోట్లకి వెళ్ళేవాడు. అక్కడ తను కాపురమున్న జైనబు, ఆమె ఇద్దరు కొడుకులు, తను. ఆ పిల్లలకి ముళ్ళు తీసి చేప ముక్కలు పెట్టింది తనే. పెద్దాడు మోటారు సైకిల్ నేర్చుకున్నప్పుడు వెనక పరిగెత్తింది తనే. జైనబు పోయాక వాళ్ళిద్దరూ తలుపు దగ్గర నిలబడి, "ఇల్లు అమ్మది, ఇక మాది అంకుల్," అన్నారు. ఏళ్ళ తరబడి నాన్నా అని పిలిచిన నోళ్ళు. అంకుల్ అన్నారు. అరిచి గెంటేసినా ఇంత బాధపడేవాడు కాదు. మర్యాదగా అన్నారు. పెట్టె కూడా వాళ్ళే బస్సు దాకా మోశారు.

రేకుల మీద వాన మొదలైంది. రోజూ ఈ వేళకి వచ్చే వానే. జనం గొంతులు పెంచారు.

కోడి వచ్చింది.

పొడుగాటి చెక్క మీద, ముక్కలు కొట్టి, పక్కన ఉప్పు కుప్ప, ఉల్లిపాయ టమాటా ముక్కలు, ఆవిరి కక్కుతున్న ఉగాలి, అదే మొక్కజొన్న సంకటి. చర్మం గోధుమ రంగుకి తిరిగి అక్కడక్కడా నల్లబడింది. వాసనకి షివాచి కడుపు మూలిగింది. ఉదయం నుంచి ఏమీ తినలేదు మరి.

వేలితో ముక్కలు జరిపాడు. రొమ్ము. తొడలు. రెక్కలు. వీపు. మెడ.

"చెల్లీ!"

ఖాసాండి వచ్చింది.

"కందనకాయ ఏది?"

"అయ్యో అన్నా, కోళ్ళు శుభ్రం చేసే వస్తాయి మాకు. పేగులూ అవీ ఏవీ రావు. కందనకాయలు వేరేగా వస్తాయి. పుల్లకి గుచ్చి, కారం రాసి కాలుస్తాం. బీరు తాగేవాళ్ళు ఎగబడుతున్నారు. తెమ్మంటావా?"

"ఏ కోళ్ళవి?"

"ఏ కోళ్ళవేంటి? కోళ్ళవే."

"ఎవరు పడితే వాళ్ళు తినొచ్చా?"

"నోరుంటే చాలు."

ఆమె చూపించిన వైపు చూశాడు షివాచి. గోడ వారన కాలేజీ అమ్మాయిలిద్దరు పుల్ల నుంచి కందనకాయలు పళ్ళతో లాగి తింటున్నారు. ఒకమ్మాయి ఫోనులో ఇంకెవరికో చూపిస్తూ నవ్వుతోంది. పిడుగు పడలేదు. పక్క బల్ల దగ్గర ముసలాయన చూసి, ఒకసారి దగ్గి, తన మానాన తను తింటున్నాడు.

"ఒక పుల్ల తీసుకురా," అన్నాడు షివాచి.

తెచ్చారు. ఐదున్నాయి. నూనె కారుతూ, కారం అంటుకుని, ఎర్రగా.

అతను చెయ్యి చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక కందనకాయని తన చేత్తో తను తీసుకోలేదు షివాచి. అమ్మ నాన్నకి పెట్టడం చూశాడు. పెళ్ళయ్యాక రోబాయి తనకి పెట్టింది. జైనబుకి ఈ సంగతే తెలీదు, అన్నంలో కలిపి వండేసేది, తనూ అడగలేదు. ఇప్పుడు ఐదు కందనకాయలు ఎదురుగా ఉన్నాయి. పెట్టే చెయ్యే లేదు. పెట్టే చెయ్యి లేకుండా తింటే, అది ఉత్త మాంసం ముక్క.

అలా కూర్చునే ఉన్నాడు. ఉగాలి మీద ఆవిరి తగ్గిపోయింది.

"ఏది నా పళ్ళెం?"

తల తిప్పాడు. రోబాయి నిలబడి ఉంది. తలగుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక గొడుగు కింద ఇమాలి, కోటు నెత్తిన కప్పుకుని లిహండా.

* * *

పబ్బులో సగం తలలు ఇటు తిరిగాయి. కెటురా అయితే కుర్చీ మొత్తం తిప్పుకుంది.

రోబాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. లిహండా ఆమె పక్కన కూర్చున్నాడు. ఇమాలి వెనక అప్పుడే ఖాళీ అయిన చిన్న బల్ల దగ్గర, మామగారికి వీపు పెట్టి కూర్చుంది.

"నేను... పిలవలేదు," అన్నాడు షివాచి మెల్లగా.

"నన్ను పిలవలేదు. ఊరికి మాత్రం పిలిచానని చెప్పావు. 'రోబాయీ, నీ కోసం బల్ల పరిచారు, కోడి చల్లారిపోతోంది, దేవుడికి స్తోత్రం' అని ఫోను చేసింది కెటురా. నేను రాకపోతే వచ్చే ఆదివారం చర్చిలో పాటకి బదులు ఇదే పాడతారు."

"అమ్మా, మెల్లగా," అన్నాడు లిహండా.

"మెల్లగానే అంటున్నా. వాన గట్టిగా కురుస్తోంది."

చేతులు కడిగించే అమ్మాయి వచ్చి వెళ్ళింది. రోబాయి చేతులు తుడుచుకుంటూ బల్ల అంతా చూసింది. పుల్ల దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఇదేంటి?"

షివాచి గ్లాసుని మళ్ళీ తిరగేసి పెట్టాడు.

"లిహండా నాన్నా, ఇదేంటని అడుగుతున్నా."

"కందనకాయలు."

"ఎన్ని?"

"కనపడట్లేదా?"

"కనపడుతున్నాయి. ఐదున్నాయి. కోడికొకటి, ఇంటికొక కోడి. అంటే ఐదిళ్ళు." రోబాయి వేలు మడిచింది. "నాకు తెలిసి నీవి రెండిళ్ళే. మిగతా మూడూ ఎక్కడున్నాయి? నైవాషాలోనా, నకూరులోనా? బస్సు ఆగిన చోటల్లా దిగావా ఏంటి?"

పక్క బల్ల దగ్గర ఎవరో బీరు ముక్కులోకి పోయి దగ్గారు. లిహండాకి నవ్వు వచ్చింది. తండ్రి మొహం చూసి ఆపుకున్నాడు.

"నవ్వరా," అన్నాడు షివాచి. "నవ్వితే నవ్వు. ఇంట్లో పెట్టలేదు కాబట్టి కొనుక్కున్నా. కొనుక్కుని తినలేకపోయా. ఇదీ సంగతి. చాలా?"

ఆ మాటతో రోబాయి మొహంలో ఎగతాళి పోయింది. చెయ్యి చాపి, చివరి కందనకాయని పుల్ల నుంచి లాగింది.

షివాచి పళ్ళెం కొంచెం ముందుకి జరిగింది. అతనే జరిపాడో, బల్ల కదిలిందో తెలీదు.

రోబాయి దాన్ని తన నోట్లో పెట్టుకుంది.

నమిలింది. నింపాదిగా. కెటురా నోరు తెరిచి అలాగే ఉంచింది. గోడ వారన అమ్మాయిలిద్దరు చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి మానేశారు.

"అత్తయ్యా!" అంది ఇమాలి వెనక్కి తిరక్కుండానే. చప్పుడు లేకపోయేసరికి ఏదో జరిగిందని ఆమెకి తెలిసిపోయింది.

"ఏం లేదే. తింటున్నా." రోబాయి మింగింది. "కారం ఎక్కువైంది. అయినా రుచి ఏం మారలేదు."

"మారలేదా?" అన్నాడు లిహండా. "అంటే... ముందు కూడా తిన్నావా?"

రోబాయి కొడుకు వైపు చూసి మాట్లాడింది. చెప్పింది మాత్రం వాడికి కాదు.

"మీ నాన్న వెళ్ళిన కొత్తలో కోడి కోసినప్పుడల్లా తీసి పక్కన పెట్టేదాన్ని. చిన్న పళ్ళెంలో, పైన ఇంకో పళ్ళెం బోర్లించి. క్రిస్మస్‌కి వస్తాడు, ఈస్టర్‌కి వస్తాడు అనుకుని. పొద్దున్న చూస్తే రాయిలా ఎండిపోయేది. కుక్కకి వేసేదాన్ని. ఊళ్ళో వాళ్ళు మాత్రం రోబాయి మొగుడి భాగం తీసిపెడుతోందని మెచ్చుకునేవాళ్ళు. బాగా తిన్నది కుక్క."

"అమ్మా..."

"ఉండు. ఒక వానాకాలం వంటింటి గోడ కూలింది. నువ్వు బడికెళ్ళావు. నీకు గుర్తుండదు. మీ చిన్నాన్నని పిలిస్తే రేపు వస్తానన్నాడు, ఎల్లుండి వస్తానన్నాడు. నేనే మట్టి తొక్కాను. నేనే గోడ ఎత్తాను. కాళ్ళు పగిలి నెత్తురు వచ్చింది. గోడ పూర్తయిన సాయంత్రం కోడి కోశాను. కందనకాయ చేతిలోకి వచ్చింది. కుక్క తోక ఊపుతూ ఎదురుగా కూర్చుంది. దీనికెందుకు వెయ్యాలి అనిపించింది. తలుపు వేసుకుని తిన్నా."

ఆమె నీళ్ళు తాగింది.

"ఏడుస్తూ తిన్నాననుకుంటారేమో. ఏం ఏడవలేదు. ఆకలేసి తిన్నా. ఆ తర్వాత నీకు మీసాలొచ్చేదాకా ప్రతి కోడిదీ నేనే తిన్నా. ఆ ఇంటికి ఇంటాయన్ని నేనే."

ఖాసాండి పొయ్యి దగ్గర కట్టె తోస్తూ ఆగిపోయింది.

లిహండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాడయ్యాడని అమ్మ మొదటిసారి కందనకాయ తన పళ్ళెంలో పెట్టిన రోజు వాడికి బాగా గుర్తు. అది నాన్న చోటు నుంచి వచ్చిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అమ్మ నోటి దగ్గర నుంచి వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

"నాకు తెలీదు," అన్నాడు షివాచి. "గోడ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి? గోడ చెప్పాలా?"

"సరే. నేనింక కందనకాయ అడగను. అది నీదే. వాడికి పెట్టుకుంటావో, నువ్వే తింటావో నీ ఇష్టం. కానీ ఇందాక ఇంట్లో అడిగిన మాటకి జవాబు చెప్పు రోబాయీ. ఏదైనా సరే. ఫ్లాస్కు మూత బిగించకుండా చెప్పు. ఆ గదిలో పడుకుంటే ఏ రాత్రి ఏ ఇంట్లో ఉన్నానో తెలీట్లేదు నాకు. అక్కడ నాన్నా అన్నవాళ్ళు అంకుల్ అన్నారు. ఇక్కడ ఎవరూ ఏమీ అనట్లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది."

రోబాయి ఉగాలి పళ్ళెం దగ్గరికి లాక్కుంది. గరిటె తడిపి ముక్కలు కోసింది. కొడుక్కి వేసింది. వెనక్కి వంగి కోడలికి వేసింది. తను వేసుకుంది. అతనికి వేసింది. అతనికి వేసినది మిగతా వాటి కంటే చిన్నది కాదు, పెద్దది కాదు.

తర్వాత కోడి. రొమ్ము ముక్క లిహండాకి. రెక్క ఇమాలికి. వీపు తనకి. ఇంట్లో రోజూ పంచినట్టే పంచుతోంది. చుట్టూ జనం చూస్తున్నారన్న ధ్యాసే లేదు ఆమెకి. కాదు, ఉంది. ఉండబట్టే అంత నిదానంగా పంచుతోంది.

చెయ్యి చెక్క మీద ఒక్క క్షణం ఆగింది. తొడ ముక్క తీసింది. పెద్దది, బాగా కాలింది, చర్మం చెక్కు చెదరనిది. అతని పళ్ళెంలో పెట్టింది.

కెటురా పక్కనున్నావిడని మోచేత్తో పొడిచింది. లిహండా తల దించుకున్నాడు.

తొడ ముక్క చుట్టాలది. దూరం నుంచి వచ్చిన మనిషికి, మేనమామకి, పాస్టరు గారికి పెట్టే ముక్క అది. కోడిలో ఉన్నదాంట్లో మంచిది అదే. ఇంట్లో మనిషికి మాత్రం ఎవరూ పెట్టరు.

"ఇది చుట్టానికి పెట్టే ముక్క," అన్నాడు షివాచి.

"అవును."

"చుట్టాన్నా నేను?"

"జవాబు చెప్పమన్నావు. చెప్పాను. ఇంటాయనవని అందామంటే నా చెయ్యి రావట్లేదు. ఎవరూ కావని అందామంటే దానికీ రావట్లేదు. ఈ ఒక్క ముక్కకి వచ్చింది."

షివాచి ముక్క వైపు చూశాడు. లేచి వెళ్ళిపోవచ్చు. టోపీ పక్కనే ఉంది. వానలో తడిస్తే ఏమవుతుంది. కానీ లేచి వెళ్తే ఎక్కడికి? బస్సు ఎక్కితే అంకుల్ అనేవాళ్ళ దగ్గరికి. ఎక్కకపోతే మళ్ళీ ఆ మట్టి గదికే.

"నాన్నా," అన్నాడు లిహండా. ఇంటి దగ్గర ఆ మాటలో ఉన్న పదును లేదిప్పుడు. "చల్లారిపోతోంది. తిను."

షివాచి ముద్ద తుంచాడు. వేళ్ళ మధ్య గుండ్రంగా చేసి, ఉప్పులో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత తొడ ముక్క ఎత్తి కొరికాడు. ఊరంతా చూస్తుండగా చుట్టం ముక్క తిన్నాడు, సొంత పెళ్ళాం పెట్టగా.

మెత్తగా కాలింది. జామ కట్టె పొగ వాసన ఎముక దాకా ఎక్కింది. ఖాసాండి చెయ్యి మంచిదే.

జనం నెమ్మదిగా తమ పళ్ళేల వైపు తిరిగారు. కెటురా కూడా, ఇష్టం లేకుండానే. రోబాయి వీపు ముక్క నుంచి మాంసం ఒలుచుకుంటూ తింటోంది. కాసేపు నలుగురూ మామూలు కుటుంబంలా కనిపించారు.

"మా ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎన్నాళ్ళుంటావని నేనెప్పుడూ అడగలేదు," అంది రోబాయి, తల ఎత్తకుండా. "నిన్నూ అడగను."

షివాచి భుజాలు దిగాయి. మొంబాసా బస్సు దిగాక మొదటిసారి ఊపిరి మొత్తం లోపలికి వెళ్ళింది. ఇంకో ముక్క కొరికాడు, ఈసారి పెద్దది.

"కానీ ఇంగితం ఉన్న చుట్టం తనంతట తనే చెప్తాడు," అంది రోబాయి. వేళ్ళు తుడుచుకుని, ఈ రోజు మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "ఎప్పుడు వెళ్తున్నాడో."

లిహండా గ్లాసు మధ్యలో ఆగిపోయింది. వెనక బల్ల దగ్గర ఇమాలి తినడం మానేసింది. వీపు పెట్టి కూర్చున్న మనిషి సగం ఇటు తిరిగింది.

షివాచి నోరు నిండుగా ఉంది. నమిలాడు. ఇంకా నమిలాడు. ముగ్గురూ ఎదురుచూస్తున్నారు.

మింగితే మాట్లాడాలి.